‘ప్యాకింగ్’ చెల్లదు, ‘ప్యాకింగ్’ కావాలి: ఎక్స్‌ఎంఎల్‌లో పిల్ల ఎలిమెంట్ చేర్చిన ఒక కేస్ స్టడీ

పని చూడ్డానికి చిన్నదే. మా సిస్టమ్ నుంచి ఆర్డర్ ఫైళ్లు ఎక్స్‌ఎంఎల్ రూపంలో (సమాచారాన్ని పేరున్న ట్యాగుల మధ్య పెట్టి రాసే పద్ధతి) బయటికి వెళ్తాయి. అవతల గోడౌన్ నడిపే కంపెనీ వాటిని చదువుకుని సరుకు పంపుతుంది. వాళ్లు స్కీమా (ఫైల్లో ఏవేవి, ఏ వరసలో ఉండాలో చెప్పే నియమాల ఫైల్) కొత్త వెర్షన్ ఇచ్చారు. ఇక మీదట ప్రతి వస్తువు కింద ప్యాకింగ్ వివరం కూడా ఉండొచ్చు. ఆర్డర్ ఫైల్ తయారుచేసే మా పాత ప్రోగ్రామ్ జోలికి వెళ్లే వీలు లేదు. అందుకని అది రాసిన ఫైల్‌ను మధ్యలో అందుకుని, ఒక్కో వస్తువుకు ఒక్కో పిల్ల ఎలిమెంట్ (ట్యాగు లోపల ఇంకో ట్యాగు) తగిలించి ముందుకు పంపాలని అనుకున్నాం. సీ షార్ప్‌లో, డాట్‌నెట్‌తో వచ్చే ఎక్స్‌ఎంఎల్‌డాక్యుమెంట్ క్లాసు వాడి చేద్దామనుకున్నాం. పూట పని అని అంచనా రాశాం. నాలుగు రోజులు పట్టింది.

చివరికి మిగిలిన కోడ్ ముప్పై లైన్లు కూడా లేదు. ఆ ముప్పై లైన్లు ఇప్పుడున్న రూపంలోకి ఎందుకొచ్చాయో చెప్పడమే ఈ రాత ఉద్దేశం.

ఫైల్ సుమారుగా ఇలా ఉంటుంది:

```
<ఆర్డర్ ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్="యూఆర్‌ఎన్:ఆర్డర్లు:2">
  <వస్తువు>
    <కోడ్>4471</కోడ్>
    <పరిమాణం>12</పరిమాణం>
    <ధర>350</ధర>
    <రాయితీ>20</రాయితీ>
    <గమనిక>జాగ్రత్తగా దించాలి</గమనిక>
  </వస్తువు>
</ఆర్డర్>
```

అసలు ఫైల్లో పేర్లు వేరు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, అయినా ఇది ఉత్త ఊహేమీ కాదు. 1998 ఫిబ్రవరిలో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ 1.0 మొదటి నుంచీ ఎలిమెంట్ పేర్లలో తెలుగు అక్షరాలను ఒప్పుకుంటుంది. మొదటి లైన్లోని ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ మాత్రం నిజం ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. ఫైల్లోని పేర్లు ఏ నేమ్‌స్పేస్‌వో, అంటే ఏ పేర్ల కుటుంబానివో, చెప్పేది అదే. మొత్తం కథంతా ఆ ఒక్క అట్రిబ్యూట్ చుట్టూనే తిరిగింది కాబట్టి దాన్ని గుర్తుపెట్టుకోండి.

మొదటి కోడ్

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు రాశాడు. ఎవరు రాసినా మొదట ఇలాగే రాస్తారు:

```
ప్యాకింగ్ = డాక్.క్రియేట్‌ఎలిమెంట్("ప్యాకింగ్")
పెట్టె = డాక్.క్రియేట్‌ఎలిమెంట్("పెట్టె")
పెట్టె.ఇన్నర్‌టెక్స్ట్ = "చెక్క"
ప్యాకింగ్.అపెండ్‌చైల్డ్(పెట్టె)
వస్తువు.అపెండ్‌చైల్డ్(ప్యాకింగ్)
```

ఎలిమెంట్‌ను డాక్యుమెంట్ చేత పుట్టించాలి, తర్వాత తల్లి నోడ్‌కు (మెమరీలోని ఎక్స్‌ఎంఎల్ చెట్టులో పై మెట్టున ఉన్న భాగానికి) తగిలించాలి. పుట్టించడం వేరు, తగిలించడం వేరు అని అతనికి తెలుసు. చాలామంది క్రియేట్ చేసి, అపెండ్ చేయడం మర్చిపోయి, ఫైల్లో ఏమీ రాలేదేంటని జుట్టు పీక్కుంటారు. ఇతను అక్కడ తప్పు చేయలేదు. టెస్ట్ కూడా రాశాడు. పాసైంది. పంపాం.

మర్నాడు పొద్దున అవతలి వాళ్ల నుంచి ఎర్రర్ వచ్చింది. తెలుగులో చెప్పుకుంటే దాని సారం ఇది: ‘వస్తువు’ అనే ఎలిమెంట్‌లో ‘ప్యాకింగ్’ అనే పిల్ల చెల్లదు; అక్కడ ఉండదగినవి: ‘ప్యాకింగ్’, ‘గమనిక’.

కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, ప్యాకింగ్ వద్దంటాడు, మళ్లీ ప్యాకింగే కావాలంటాడు. వీడికేం నొప్పి?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ, మెసేజ్‌ను పూర్తిగా చదివితే అందులోనే జవాబు ఉంది. ఉండదగిన వాటి పక్కన ‘ఈ నేమ్‌స్పేస్‌లో’ అని ఒక ముక్క ఉంది. మనం పెట్టిన ప్యాకింగ్ పక్కన ఆ ముక్క లేదు. పేర్లు ఒకటే, ఇంటిపేర్లు వేరు.

మనం పంపిన ఫైల్ తెరిస్తే ఇంకా తేటగా కనిపించింది:

```
<ప్యాకింగ్ ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్=""><పెట్టె>చెక్క</పెట్టె></ప్యాకింగ్>
```

ఈ ఖాళీ కొటేషన్ గుర్తులు చూడగానే, "ఇదెక్కడి నుంచి వచ్చింది, మనం రాయలేదే" అనుకుంటారు. నిజానికి అది లైబ్రరీ చేసిన అల్లరి కాదు. క్రియేట్‌ఎలిమెంట్‌కు ఉత్త పేరు ఒక్కటే ఇస్తే, ఏ నేమ్‌స్పేస్‌కూ చెందని ఎలిమెంట్ పుడుతుంది. దాన్ని నేమ్‌స్పేస్ ఉన్న తల్లి కింద పెట్టినంత మాత్రాన తల్లి ఇంటిపేరు దానికి రాదు. అలా వస్తుందని మనకు అనిపించేది ఎందుకంటే, ఫైల్‌ను చేత్తో రాసేటప్పుడు నిజంగానే వస్తుంది కాబట్టి. పార్సర్ టెక్స్ట్ చదువుతూ డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను లోపలి ఎలిమెంట్లకు వర్తింపజేస్తుంది. మెమరీలో కట్టే చెట్టుకు ఆ సూత్రం లేదు. పుట్టినప్పుడు ఏ నేమ్‌స్పేస్ ఇచ్చామో జీవితాంతం అదే. సేవ్ చేసేటప్పుడు లైబ్రరీ ఆ నిజాన్ని దాచకుండా, "ఇది తల్లి నేమ్‌స్పేస్‌లోది కాదు" అని చెప్పడానికే ఆ ఖాళీ ప్రకటన రాస్తుంది.

దీని వెనక కాస్త చరిత్ర ఉంది. డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ) వాళ్ల డామ్, అంటే ఎక్స్‌ఎంఎల్‌ను మెమరీలో చెట్టుగా పెట్టుకుని మార్చే పద్ధతికి ప్రమాణం, మొదటి లెవెల్ 1998 అక్టోబరులో వచ్చింది. ఎక్స్‌ఎంఎల్ నేమ్‌స్పేస్‌ల ప్రమాణం 1999 జనవరిలో వచ్చింది. అంటే క్రియేట్‌ఎలిమెంట్ పుట్టేనాటికి నేమ్‌స్పేస్ అనేదే ఖరారు కాలేదు. 2000 నవంబరులో వచ్చిన రెండో లెవెల్‌లో క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ అని వేరే ఫంక్షన్ చేర్చారు. జావాలో, జావాస్క్రిప్ట్‌లో ఆ రెండూ వేర్వేరు పేర్లతో కనిపిస్తాయి కాబట్టి కనీసం అనుమానమైనా వస్తుంది. డాట్‌నెట్‌లో రెండూ ఒకే పేరు మీద ఉన్నాయి, తేడా అంతా ఇచ్చే ఆర్గ్యుమెంట్ల లెక్కలోనే. చిన్నదారి చూపిస్తే ఎవరైనా అటే పోతారు.

దిద్దుబాటు: క్రియేట్‌ఎలిమెంట్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా తల్లి నేమ్‌స్పేస్ ఇవ్వడం. కుర్రాడు ప్యాకింగ్‌కు ఇచ్చాడు, పెట్టెకు మర్చిపోయాడు. ఖాళీ ప్రకటన ప్యాకింగ్ మీద నుంచి మాయమై, ఒక మెట్టు దిగి పెట్టె మీద తేలింది. ఇది ఎంత తరచుగా జరుగుతుందంటే, "ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ లోపలికి జరిగింది" అని ఎవరైనా అనగానే సంగతి నాకు అర్థమైపోతుంది. మనం కోడ్‌లో పుట్టించే ప్రతి ఎలిమెంట్‌కూ, ఎంత లోతున ఉన్నదైనా సరే, నేమ్‌స్పేస్ విడిగా ఇచ్చుకోవాల్సిందే. అట్రిబ్యూట్లకు ఈ బెడద లేదు. ప్రిఫిక్స్ (నేమ్‌స్పేస్‌ను సూచిస్తూ పేరు ముందు కోలన్‌తో పెట్టే పొట్టి గుర్తు) లేని అట్రిబ్యూట్‌కు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఎలాగూ వర్తించదు, ఉత్త పేరుతో సెట్ చేస్తే సరిపోతుంది.

ఈ దశలో ఎవరో ఒకరు, "సేవ్ చేశాక ఆ ఖాళీ ముక్కను స్ట్రింగ్ రీప్లేస్‌తో తీసేస్తే పోలా?" అంటారు. మా దగ్గరా అన్నారు. నిజానికి మా ఇంకో జాబ్‌లో అలాంటి లైను ఒకటి ఏళ్లుగా ఉందని అప్పుడే బయటపడింది. పనిచేస్తుంది, కాదనను. కానీ ఫైల్లో నిజంగానే నేమ్‌స్పేస్ లేని భాగం ఎక్కడైనా ఉంటే దాన్నీ తుడిచేస్తుంది. పైగా మెమరీలో ఉన్న చెట్టు ఒకటి, బయటికి పోయే ఫైల్ ఇంకొకటి అవుతాయి. ఆ తర్వాత ఆ చెట్టు మీద స్కీమా చెక్ పెడితే ఫెయిల్ అవుతుంది, ఫైల్ మీద పెడితే పాస్ అవుతుంది. అలాంటిది రాత్రి పదింటికి డీబగ్ చేయాలంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

టెస్ట్ ఎందుకు పాసైంది

నేమ్‌స్పేస్ సరిచేయగానే విచిత్రం జరిగింది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న టెస్ట్ ఎర్రబడింది.

టెస్ట్‌లో ఉన్న ఎక్స్‌పాత్ (చెట్టులో నోడ్లను వెతకడానికి రాసే దారి) ఇంతే: //ప్యాకింగ్. ప్రిఫిక్స్ లేదు. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ లేని పేరుకు అర్థం ‘ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని’ ప్యాకింగ్ అని. డాక్యుమెంట్ డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను అది పట్టించుకోదు. అంటే మా టెస్ట్ సరిగ్గా తప్పు ఎలిమెంట్‌నే వెతికింది, తప్పు ఎలిమెంటే దొరికింది, బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేసింది. ఎలిమెంట్ దారిలోకి రాగానే టెస్ట్‌కు కనపడకుండా పోయింది. దొంగ తాళానికి దొంగ తాళంచెవి సరిపోయినట్టు.

కోడ్‌లో వస్తువులను వెతికే చోట మాత్రం అతను ప్రిఫిక్స్ పెట్టి, నేమ్‌స్పేస్ మేనేజర్‌లో దాన్ని నమోదు చేసి, పద్ధతిగానే రాశాడు. అడిగితే, "అక్కడ ప్రిఫిక్స్ లేకపోతే సున్నా వచ్చిందన్నా, అందుకే పెట్టాను. టెస్ట్‌లో పెట్టకుండానే ఒకటి వచ్చింది కదా" అన్నాడు. తప్పుపట్టడానికేమీ లేదు. మొదటిసారే పాసైన టెస్ట్‌ను ఎవరూ నిలబెట్టి అడగరు, నేనూ కోడ్ రివ్యూలో అడగలేదు.

లోకల్‌నేమ్ ఫంక్షన్ వాడి నేమ్‌స్పేస్ గొడవ లేకుండా వెతికే అలవాటు కూడా చాలాచోట్ల ఉంది. చదివే కోడ్‌లో అప్పుడప్పుడు అది సౌకర్యం. టెస్ట్‌లో మాత్రం వద్దు. తప్పు ఇంటిపేరున్న పిల్లను, సరైన పిల్లను అది ఒకేలా లెక్కపెడుతుంది.

ఇప్పుడు మా టెస్ట్ ఎక్స్‌పాత్‌తో ఆగదు. ఫైల్ రాసి, దాన్ని మళ్లీ మొదటి నుంచి చదివి, అవతలి వాళ్లిచ్చిన స్కీమాతోనే సరిచూస్తుంది. స్కీమా మా చేతిలో మొదటి రోజు నుంచీ ఉంది. వాడలేదు, అంతే.

చివర్లో కాదు, మధ్యలో

నేమ్‌స్పేస్ అయ్యాక రెండో ఎర్రర్ వచ్చింది. అపెండ్‌చైల్డ్ ఎప్పుడూ చివర్లోనే తగిలిస్తుంది. స్కీమాలో వస్తువు పిల్లలన్నీ సీక్వెన్స్ కింద ఉన్నాయి: కోడ్, పరిమాణం, ధర, ఉంటే రాయితీ, ఉంటే ప్యాకింగ్, ఆ తర్వాత ఎన్నైనా గమనికలు. సీక్వెన్స్ అంటే వరస తప్పకూడదు. మనది గమనిక తర్వాత వెళ్లి కూర్చుంది.

"రాయితీ తర్వాత పెడితే సరి" అనుకున్నాం. ఇది నేను రాసిన కోడే, కాబట్టి నిందంతా నాదే:

```
చోటు = వస్తువు.సెలెక్ట్‌సింగిల్‌నోడ్("ఆ:రాయితీ", ఎన్‌ఎస్)
వస్తువు.ఇన్సర్ట్‌ఆఫ్టర్(ప్యాకింగ్, చోటు)
```

నా దగ్గరున్న శాంపిల్ ఫైల్లో ప్రతి వస్తువుకూ రాయితీ ఉంది. అన్నీ పాసయ్యాయి. అసలు ఫైళ్లు పెట్టి చూస్తే కొన్ని ఫెయిల్. ఆ ఫెయిలైన వాటిలో ప్యాకింగ్ ఎక్కడుందో తెలుసా? కోడ్ కన్నా పైన, వస్తువులో మొట్టమొదటి పిల్లగా.

రాయితీ లేని వస్తువు దగ్గర సెలెక్ట్‌సింగిల్‌నోడ్ నల్ (ఏమీ దొరకలేదని చెప్పే ఖాళీ విలువ) ఇస్తుంది. ఇన్సర్ట్‌ఆఫ్టర్‌కు నల్ ఇస్తే అది ఎర్రర్ కొట్టదు. "దేని తర్వాతా కాదు" అని అర్థం చేసుకుని, పిల్లను అన్నిటికన్నా ముందు పెడుతుంది. ఇన్సర్ట్‌బిఫోర్‌కు నల్ ఇస్తే దానికి తలకిందులు: "దేని ముందూ కాదు" అనుకుని చివర్లో పెడుతుంది. ఆలోచిస్తే రెండూ తర్కంగానే ఉన్నాయి. ఆలోచించే టైము ఎవరికి ఉంది, అదీ సమస్య. డబ్ల్యూ3సీ ప్రమాణంలో నోడ్లకు ఇన్సర్ట్‌ఆఫ్టర్ అనేదే లేదు, ఇన్సర్ట్‌బిఫోర్ ఒక్కటే ఉంది. డాట్‌నెట్ వాళ్లు సౌకర్యం కోసం రెండోది చేర్చారు. ఆ సౌకర్యమే నన్ను ముంచింది.

రాయితీ లేకపోతే ధర తర్వాత పెట్టమని ఇఫ్ రాయొచ్చు. మొదట రాశాను కూడా. తర్వాత అటునుంచి చూస్తే తేలిక అనిపించింది. మన పిల్ల దేని తర్వాత రావాలి అని కాకుండా, ఏవేవి మన పిల్ల తర్వాత రావాలి అని అడగాలి. ఇక్కడ అవి గమనికలే. మొదటి గమనికను వెతికి దాని ముందు పెట్టడం. గమనికే లేకపోతే నల్ వస్తుంది, ఇన్సర్ట్‌బిఫోర్ చివర్లో పెడుతుంది, మనకు కావాల్సిందీ అదే. ఇందాక ముంచిన నల్, ఈసారి ఒడ్డున పడేసింది. రేపు స్కీమాలో గమనిక పక్కన ఇంకో ఎలిమెంట్ వస్తే రెండు పేర్లనూ నిలువు గీతతో కలిపి ఒకే ఎక్స్‌పాత్ రాస్తే చాలు. సెలెక్ట్‌సింగిల్‌నోడ్ డాక్యుమెంట్ వరసలో మొదట కనిపించినదాన్నే ఇస్తుంది.

ఇక్కడే ఇంకో చిన్న గుంట. చోటు వెతికే ఎక్స్‌పాత్‌ను రెండు స్లాష్‌లతో మొదలుపెడితే, వస్తువు మీద పిలిచినా సరే వెతుకులాట డాక్యుమెంట్ మొదటి నుంచి సాగుతుంది. మొదటి వస్తువుకు బాగానే ఉంటుంది. రెండో వస్తువు దగ్గర మొదటి వస్తువు గమనికే మళ్లీ దొరుకుతుంది, అప్పుడు "ఈ నోడ్ నీ పిల్ల కాదు" అని ఎక్సెప్షన్ వస్తుంది. గట్టిగా అరిచే తప్పు కాబట్టి దీనికి అరగంట కూడా పట్టలేదు.

ఒకే నోడ్, పన్నెండు వస్తువులు

మూడో రోజు అవసరం కాస్త మారింది. ప్యాకింగ్ వివరాలు కోడ్‌లో కాకుండా విడిగా ఒక టెంప్లేట్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉండాలన్నారు. మంచి ఆలోచనే. టెంప్లేట్‌ను వేరే డాక్యుమెంట్‌గా లోడ్ చేసి, అందులోని ప్యాకింగ్ ముక్కను వస్తువుకు అపెండ్ చేయబోతే, "ఈ నోడ్ వేరే డాక్యుమెంట్‌కు చెందింది" అన్న అర్థంతో ఎక్సెప్షన్. ఒక డాక్యుమెంట్ పుట్టించిన నోడ్‌ను ఇంకో డాక్యుమెంట్ నేరుగా తీసుకోదు. ఇంపోర్ట్‌నోడ్ వాడాలి, లోపలి పిల్లలు కూడా రావాలంటే దాని రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఉండాలి.

ఇంపోర్ట్‌నోడ్ పిలిచినా అదే ఎక్సెప్షన్ వచ్చింది. పది నిమిషాలు స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాక తెలిసింది: అది ఉన్న నోడ్‌ను మార్చదు, కొత్త కాపీని తిరిగిస్తుంది. నేను ఆ కాపీని గాలికొదిలేసి, పాత నోడ్‌నే అపెండ్ చేస్తున్నాను.

అది దిద్దాక, లూప్‌లో ప్రతిసారీ ఇంపోర్ట్ ఎందుకు, ఒకసారి చేసి పెట్టుకుందామని లైనును లూప్ బయటికి తెచ్చాను. పన్నెండు వస్తువులున్న ఆర్డర్ నడిపాను. ఎర్రర్ లేదు. లాగ్‌లో "ప్యాకింగ్ చేర్చాం" అని పన్నెండు సార్లు ఉంది. ఫైల్లో మాత్రం ప్యాకింగ్ ఒక్కటే ఉంది, అదీ పన్నెండో వస్తువు కింద.

నోడ్‌కు తల్లి ఒక్కతే ఉంటుంది. అప్పటికే చెట్టులో ఉన్న నోడ్‌ను ఇంకో చోట అపెండ్ చేస్తే, డామ్ దాన్ని పాత చోటు నుంచి తీసి కొత్త చోట పెడుతుంది. మన ప్యాకింగ్ ఒక్కటే, మొదటి వస్తువు నుంచి పన్నెండోదాకా కుర్చీ మారుతూ వెళ్లి చివర్లో ఆగింది. ఈసారి స్కీమా కూడా కాపాడలేదు, ఎందుకంటే ప్యాకింగ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. పదకొండు వస్తువులకు లేకపోయినా ఫైల్ స్కీమా ప్రకారం చెల్లుతుంది. పట్టించింది లెక్కే. వస్తువులెన్నో ప్యాకింగ్‌లు అన్ని ఉన్నాయా అని కుర్రాడు టెస్ట్‌లో ఒక లైను పెట్టి ఉంచాడు. ఈసారి అతని టెస్ట్ గెలిచింది.

పరిష్కారం: ఇంపోర్ట్ ఒకసారి చేసినా, తగిలించే ముందు ప్రతి వస్తువుకూ క్లోన్‌నోడ్(ట్రూ) తీసుకోవాలి. లేదా ఇంపోర్ట్‌నే లూప్‌లో ఉంచాలి, అదీ కాపీయే ఇస్తుంది కాబట్టి. మేం రెండోదే ఉంచాం.

వేరే లైబ్రరీలకు మారేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒక్కోటీ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. డాట్‌నెట్‌లోనే ఉన్న లింక్ టు ఎక్స్‌ఎంఎల్‌లో, అప్పటికే తల్లి ఉన్న ఎలిమెంట్‌ను ఇంకో చోట యాడ్ చేస్తే, జరపదు, దానంతటదే కాపీ తీసి పెడుతుంది. అంటే పై తప్పు అక్కడ తప్పే కాదు. కాకపోతే మీ వేరియబుల్ ఇంకా మొదటిదాన్నే చూపిస్తుంటుంది. ఆ తర్వాత చేసే మార్పులు కాపీలకు అందవు. పైథాన్‌తో వచ్చే ఎలిమెంట్‌ట్రీలో నోడ్‌కు తన తల్లి ఎవరో తెలియనే తెలియదు. ఒకే ఎలిమెంట్‌ను పన్నెండు చోట్ల అపెండ్ చేస్తే పన్నెండు చోట్లా కనిపిస్తుంది, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. అదే పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ వాడితే మళ్లీ జరపడమే. పైకి చూస్తే అన్నిటిలోనూ ఒకే లూపు, ఒకే అపెండ్. బయటికొచ్చే ఫైళ్లు మాత్రం వేరు.

అన్నట్టు, టెంప్లేట్ ఫైల్ రాసినప్పుడు దాని మొదటి లైన్లో నేమ్‌స్పేస్ ప్రకటించడం మర్చిపోయాం. ఇంపోర్ట్ అయిన నోడ్ తన నేమ్‌స్పేస్‌ను, లేదా అది లేకపోవడాన్ని, వెంట తెచ్చుకుంటుంది. ఖాళీ ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ మూడోసారి పలకరించింది. ఈసారి ఎవరూ కంగారుపడలేదు.

మిగతావి

ఖాళీల సంగతి: ఎక్స్‌ఎంఎల్‌డాక్యుమెంట్‌లో ప్రిజర్వ్‌వైట్‌స్పేస్ డిఫాల్ట్‌గా ఫాల్స్. అంటే చదివేటప్పుడు ఎలిమెంట్ల మధ్య ఖాళీలను వదిలేసి, సేవ్ చేసేటప్పుడు తన పద్ధతిలో ఇండెంట్ చేస్తుంది. ట్రూ పెడితే పాత ఖాళీలు అలాగే ఉంటాయి కానీ, మన కొత్త పిల్ల పక్క ఎలిమెంట్‌కు అతుక్కుని ఒకే లైన్లో కనిపిస్తుంది. మాకు మనుషులు చదివే అవసరం లేదు కాబట్టి ఫాల్స్‌తోనే వదిలేశాం. డిజిటల్ సంతకం ఉన్న ఫైళ్లయితే ఇలా వదిలేయడం కుదరదు. అక్కడ పిల్లను చేర్చడమే కాదు, ఖాళీలు మారినా సంతకం చెల్లకుండా పోతుంది. ముందు చేర్చి, తర్వాత సంతకం చేయించాలి.

ఆంపర్సండ్, లెస్‌దేన్ లాంటి గుర్తుల్ని ఇన్నర్‌టెక్స్ట్ తనే ఎస్కేప్ చేస్తుంది. మనం ముందే చేసి ఇస్తే రెండుసార్లు అవుతుంది.

చివరగా పట్టుబడింది రీట్రై. నెట్‌వర్క్ తెగితే మా క్యూ అదే ఫైల్‌ను మళ్లీ ప్రాసెస్ చేస్తుంది. రెండోసారి నడిస్తే ఒక్కో వస్తువుకు రెండేసి ప్యాకింగ్‌లు. అందుకే చేర్చే ముందు ఆ వస్తువు కింద ప్యాకింగ్ ఇప్పటికే ఉందేమో చూసి, ఉంటే కొత్తదాన్ని దాని స్థానంలో రీప్లేస్‌చైల్డ్‌తో పెడుతున్నాం. రీప్లేస్‌చైల్డ్‌కు మొదట కొత్తది, తర్వాత పాతది ఇవ్వాలి. నేను తిరగేసి ఇచ్చాను, ఎక్సెప్షన్ వచ్చింది, దిద్దుకున్నాను.

ఇప్పుడున్న ఫంక్షన్‌కు నాలుగు ఇస్తాం: వస్తువు నోడ్, టెంప్లేట్ నోడ్, తర్వాత రావాల్సిన పేర్ల ఎక్స్‌పాత్, నేమ్‌స్పేస్ మేనేజర్. నేమ్‌స్పేస్‌ను స్ట్రింగ్‌గా అడగదు; వస్తువుకు, టెంప్లేట్‌కు ఒకే నేమ్‌స్పేస్ ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడికక్కడే ఎక్సెప్షన్ విసురుతుంది. టెస్ట్‌కు నాలుగు ఫైళ్లున్నాయి: రాయితీ లేనిది, గమనిక లేనిది, రెండూ లేనిది, పన్నెండు వస్తువులున్నది. నాలుగింటినీ రెండేసి సార్లు నడిపి, స్కీమాతో చూసి, ప్యాకింగ్‌లు లెక్కపెడుతుంది.

ఇంకో జాబ్‌లో ఉందని చెప్పిన ఆ రీప్లేస్ లైను ఇంకా అక్కడే ఉంది. తీసేయడానికి టికెట్ తెరిచి కుర్రాడి పేరున పెట్టాను. అది తీసేస్తే ఆ జాబ్ టెస్టులు ఎన్ని ఎర్రబడతాయో ముందు లెక్క చూసి చెప్పమన్నాను. పదిహేడు అన్నాడు.